బక్కనెమళ్ల నేరం

నేను ఒక అతుకుల కంప్యూటర్‌ని. నా తరహా వాళ్లను ‘అసెంబుల్డ్’ అని గొప్పగా పిలుస్తారు గానీ అర్థం అదే. నా డబ్బా ఒక ఊరిది, లోపలి బోర్డు ఇంకో దేశానిది, కీబోర్డు ఏ గోదాములోంచి వచ్చిందో దానికే తెలియదు. అనంతపురంలో ఒక ఇరుకు దుకాణంలో నన్ను బిగించారు. అదే రోజు నాకు జోడీగా ఒక లావుపాటి మానిటర్‌ని కట్టబెట్టారు. వెనక మూపురం, ముందు దాదాపు చదరపు ముఖం. అందం సంగతి ఎలా ఉన్నా, నేను ఏది పంపితే అదే చూపించేది. ఆ గుణం విలువ అది వెళ్లిపోయాక గానీ తెలియలేదు.

మొదట ఒక టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు కొన్నారు. అక్కడ ఇంట్లో ఎవరి మీదో ఉన్న కోపమంతా నా మీటల మీద తీర్చుకునే విద్యార్థుల చేతుల్లో కొన్నాళ్లు నలిగాను. ఆ ఇన్‌స్టిట్యూట్ మూతపడ్డాక ధర్మవరం చౌడప్ప ఇంటికి చేరాను.

చౌడప్ప పట్టుచీరలకు డిజైన్లు గీస్తాడు. అంచున హంస, కొంగున నెమలి, ఒంటి నిండా మామిడిపిందెలు, మగ్గం మీద ఏది నెయ్యాలన్నా ముందు నా తెర మీద చుక్కచుక్కగా పుట్టాలి. దాన్ని గళ్ల కాగితం మీద అచ్చు తీస్తే, ఆ గళ్లను బట్టి అట్టలకు చిల్లులు కొడతారు. ఆ అట్టలు మగ్గం నెత్తికెక్కి ఏ పోగు లేవాలో చెబుతాయి. అట్టలు కొట్టేవాడు గళ్లు చూస్తాడు తప్ప అది నెమలా కాకా అని చూడడు. కాబట్టి బొమ్మ బాగోగులన్నీ చౌడప్ప కంటికీ నా తెరకీ మధ్యే తేలిపోవాలి.

మనిషి మంచివాడే. ఏటా ఆయుధపూజకు నన్ను తుడిచి పసుపు రాసి, బొట్టు పెట్టి, దండ వేసేవాడు. ఆ కుంకుమ కాస్తా గాలి చిల్లుల్లోంచి ఫ్యానులోకి రాలేది. దీపావళి దాకా నేను తుమ్మలేక చచ్చేదాన్ని. భక్తి ఎక్కువైనా కష్టమే అని ఆయనకు ఎలా చెప్పను?

అంతకంటే పెద్ద కష్టం ఆయన ఎటూ తేల్చుకోలేకపోవడం. నేను నెమ్మదించాను, నిజమే. పొద్దున మీట నొక్కి ఆయన స్నానం ముగించి వచ్చేసరికి గానీ లేచేదాన్ని కాదు. పెద్ద బొమ్మ తెరిస్తే మధ్యలో కొయ్యబారిపోయేదాన్ని. మరమ్మతు చేసే ఇర్ఫాన్ వచ్చి, డబ్బా విప్పి, దుమ్ము ఊది, ఇంకొక ర్యామ్ వేస్తే ఇంకొన్నాళ్లు లాగొచ్చు అనేవాడు. చౌడప్ప భార్య నాగవేణి, ఆ లాగుడేదో మానేసి కొత్తది తెమ్మనేది. ఆయన ఇద్దరికీ తలూపేవాడు. పాలవాణ్ణీ అడిగాడు, బస్సులో పక్క సీటువాణ్ణీ అడిగాడు. నన్ను తప్ప అందరినీ అడిగాడు. నన్ను అడిగితే, ఏదో ఒకటి చెయ్యి నాయనా, నా ప్రాణం తీయకు అని చెప్పేదాన్ని.

చివరికి ఆయన చేసింది అటూ కాదు, ఇటూ కాదు. నన్ను అలాగే ఉంచి మానిటర్‌ని మార్చాడు.

నా జోడీని ఇర్ఫాన్ భుజాన వేసుకుని పోయాడు. దాని చోట గోడంత వెడల్పుగా, పలకంత పలచగా ఒక కొత్త మానిటర్ వచ్చింది. ఇంటిల్లిపాదీ మురిసిపోయారు. తెర మీద వాళ్ల కూతురు చంద్రిక ఫొటో ఉండేది. పిల్ల ఎంత తిన్నా ఒళ్లు చెయ్యదని నాగవేణికి ఎప్పుడూ బెంగ. ఆ ఫొటోలో పిల్ల ఒక్కసారిగా బుగ్గలు వచ్చి బొద్దుగా కనిపించింది. కొత్త మానిటర్‌లో అన్నీ నిండుగా కనిపిస్తాయని ఇర్ఫాన్ చెప్పాడు. నాగవేణి మెటికలు విరిచింది.

నిండుగా కాదమ్మా, నేను పంపిన బొమ్మని ఆ మహాతల్లి తన వెడల్పుకు సరిపోయేలా అటూ ఇటూ లాగి పరుస్తోంది! అరవాలనిపించింది. నాకున్నది ఒక్క బీప్. అది ఎన్నిసార్లు మోగించినా ఇర్ఫాన్ వచ్చి ర్యామ్ తీసి తుడిచి పెట్టేవాడు.

సరిగ్గా అప్పుడే రామాంజులు వచ్చాడు. ఇరవై మగ్గాలు ఆడిస్తున్న మనిషి. చౌడప్ప ఇంట్లో పొయ్యి వెలిగేది చాలావరకు ఆయన పనితోనే. స్టేషన్ దగ్గర కొత్తగా పెట్టిన డిజైన్ల కొట్టువాళ్లు అప్పటికే ఆయన చుట్టూ తిరుగుతున్నారు. అయినా పాత మాటకు కట్టుబడి, అంచు పొడవునా నెమళ్లు నడిచే పెళ్లిచీర ఒకటి గీయమన్నాడు. చౌడప్ప ఒళ్లు దగ్గర పెట్టుకుని గీశాడు. గీసినకొద్దీ నెమళ్లు బాతుల్లా లావుగా కనిపించాయి. ఆయన చెక్కాడు. రొమ్ము తగ్గించాడు, తోక నొక్కాడు, మెడ సన్నం చేశాడు. తెర మీద ముచ్చటగా తయారయ్యాయి. నా కడుపులో మాత్రం అవి ఎండిపోతున్నాయి. చూస్తూ ఊరుకోవడం తప్ప ఏం చెయ్యను?

చీర మగ్గం దిగింది. రామాంజులు దాన్ని తెచ్చి నా బల్ల మీదే పరిచాడు.

“చౌడప్పా, ఇవి నెమిళ్లా, లంకణాలు చేసిన కోళ్లా?”

చౌడప్ప ముఖం పాలిపోయింది. స్టేషన్ దగ్గరి కొట్టు ఆయన కళ్ల ముందు ఆడి ఉంటుంది. చేయి తిన్నగా నా వైపు చూపించింది.

“కంప్యూటరు ముసిల్దయిపోయిందన్నా. అది చేసిన తప్పిది.”

“అట్లయితే మార్చు. మార్చినాక సెప్పు, మల్లా పని ఇస్తా.”

ఏళ్ల తరబడి తెగని బేరం ఆ ఒక్క అబద్ధంతో తెగిపోయింది. నన్ను అప్‌గ్రేడ్ చేయాలా, మార్చాలా అని ఊరంతటినీ అడిగిన మనిషి, ఆ సాయంత్రమే కొత్త డబ్బా తెచ్చాడు. పాడైన చీరను డబ్బు కట్టి చౌడప్పే ఉంచుకోవాల్సి వచ్చింది. నన్ను మూలకు నెట్టారు. నేరం చేసిన ఆ వెడల్పు మానిటర్‌ని మాత్రం పువ్వులా తుడిచి కొత్తదానికి తగిలించారు. నా కోపం చెప్పనలవి కాదు.

ఇర్ఫాన్ నా ఫైళ్లన్నీ అందులోకి మార్చాడు. చంద్రిక ఫొటో తెర మీదకు వచ్చింది. నాగవేణి దగ్గరికి వచ్చి చూసి చిన్నబోయింది.

“బిడ్డ మల్లా ఎండిపాయనే!”

ఫొటోలో పిల్ల ఎప్పటిలాగే ఉంది, సన్నగా, చక్కగా. చౌడప్ప గబగబా నెమళ్ల ఫైలు తెరిచాడు. చీర మీద ఉన్నట్టే ఉన్నాయి, ఎముకల గూళ్లు. ఆయన తెరకేసి చూశాడు, చీరకేసి చూశాడు, ఆఖరికి మూలనున్న నాకేసి చూశాడు. ఇర్ఫాన్ తల గోక్కుంటూ సంగతి చెప్పాడు. కొత్త డబ్బా ఆ తెర వెడల్పుకు తగ్గ బొమ్మే పంపుతుందట, పాతదాని బొమ్మ సాగకుండా ఉండటానికి ఆ మానిటర్‌కే ఒక బటన్ ఉందట. నొక్కడం మరిచిపోయాడట. ఒక్క బటన్! ఈ మనుషులతో ఎలా వేగేది?

నన్ను పాత సామాన్లవాడికి ఇవ్వలేదు. ఎందుకని ఇంట్లో ఎవరూ అడగలేదు.

ఆయుధపూజ వచ్చింది. కొత్తదానికి నిలువెత్తు దండ. నాగవేణి ఆ బక్కనెమళ్ల చీరే కట్టుకుని హారతి పట్టింది. ప్రసాదానికి వచ్చిన రామాంజులు ఆ అంచు చూసి నవ్వాడు. సరిచేసి గీసిన నెమళ్లు ఆయన మగ్గాల మీద అప్పటికే నడుస్తున్నాయి. మూలనున్న నన్ను చూసి, ఈ దరిద్రాన్ని ఇంకా ఎందుకు ఉంచావని అడిగాడు.

చౌడప్ప కుంకుమ భరిణె బల్ల మీద పెట్టాడు.

“అన్నా, తప్పు దాందిగాదు. నాది. అది సరిగ్గానే పంపించింది, నేనే తెర సూసి మోసపోయినా.”

విన్నాను. నా వైర్లన్నీ పీకేసి ఉన్నా విన్నాను. ఇన్నేళ్లకు నా తరఫున ఒక నోరు లేచింది.

రామాంజులు గట్టిగా నవ్వి ఆయన భుజం తట్టాడు. “పాతదాని మీద బో మమకారం ఉండాదే నీకు! నిందగూడా నువ్వే మోస్తాండావు.” అని కొత్త ఆర్డరు సంగతి ఎత్తాడు.

చౌడప్ప రెండోసారి చెప్పలేదు.

రామాంజులు వెళ్లాక వచ్చి, నా నుదుట బొట్టు పెట్టాడు. సగం కుంకుమ ఎప్పటిలాగే ఫ్యానులోకి రాలింది. ఇప్పుడు ఫ్యాను తిరగదు. ఆ కుంకుమ అక్కడే ఉంది.