కొడుకు మొక్కు, తల్లి నాలుక

మొక్కు మొక్కింది మా ఆయన. నోరు కట్టేసింది మాత్రం మా అత్తమ్మకి. ఇదెక్కడి న్యాయమో మీరే చెప్పండి.

మా అత్తమ్మ పేరు పెంటమ్మ. నాదర్‌గుల్‌లో పుట్టి, అక్కడే మడి గట్ల మీద ముదిరి, మామయ్య పోయాక ఎల్‌బీ నగర్‌లో మా ఫ్లాటుకొచ్చిన మనిషి. చేప ముక్క నోట్లో వేసుకుంటే ముల్లేదో కండేదో నాలుకతోనే తేల్చేసేది. అలాంటి మనిషికి మొన్న చలికాలంలో ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. దవాఖానలో పడుకోబెట్టి ముక్కుకి గొట్టం పెట్టారు. మా ఆయన యోగేందర్ కరెంటు ఆఫీసులో పనిచేస్తాడు. గాలివానలో స్తంభం ఎక్కమన్నా ఎక్కుతాడు గానీ తల్లి ముక్కుకి ఆ గొట్టం చూసి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడ్చి ఊరుకున్నాడా? గుడి మెట్ల మీద నిలబడి మొక్కేశాడు. అమ్మ బతికి ఇంటికొస్తే ఏడాది పాటు మా ఇంట్లో నీసు గడప తొక్కనివ్వనని. నీసంటే కోడి, చేప, ఆఖరికి గుడ్డు కూడా.

అత్తమ్మ బతికింది. ఇంటికి పంపించేటప్పుడు డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచింది.

"మందుల పని అయిపోయిందమ్మా, ఇంక తిండి పని. గుడ్డు, చేప, చికెన్, ఏది తింటే అది పెట్టండి. ఒంట్లో కండ లేదు. ఇట్లనే తినకుండ ఉంటే మళ్ళ ఇదే మంచం మీదికి తీసుకొస్తరు" అంది.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట. సరిగ్గా అదే జరిగింది మా ఇంట్లో. బతికించమని మొక్కిన మొక్కే ఆమె బతుక్కి అడ్డం పడింది.

జ్వరంతో ఆమె నోటికి రుచి తెలియడం మానేసింది. పెసరకట్టు పెడితే నీళ్ళంది. పాలకూర పప్పు పెడితే గడ్డి అంది. మా ఆయన పెద్ద డబ్బా ఒకటి మోసుకొచ్చాడు, ప్రోటీన్ పొడట. పాలల్లో కలిపి ఇస్తే ఒక్క గుక్క తాగి గ్లాసు నా చేతికిచ్చేసింది.

"గీ సున్నమేంది బిడ్డా? గోడకు పూస్తరు గని నోట్ల పోస్తరా?"

జాకెట్టు భుజాల మీంచి జారిపోతుండేది. ఒకరోజు బాత్రూం దాకా నడవలేక గోడ పట్టుకుని అక్కడే కూలబడింది. లేపుతుంటే మనిషి బరువే నా చేతికి తగల్లేదు. ఆ సాయంత్రం మా ఆయన అన్నానికి కూర్చోగానే మొదలుపెట్టాను.

"అత్తమ్మకు చేప వండుత."

"మొక్కున్నది స్వరూపా."

"మొక్కు నీది. ఆమెది కాదు గద?"

"ఇంట్లకే రానియ్యనని మొక్కిన. మొక్కినంకనే అమ్మ కండ్లు తెరిచింది. ఇప్పుడు మాట తప్పితే, మళ్ళ ఏమన్న అయితే? ఎవలది జిమ్మేదారి?"

భయపడ్డ మనిషిని చూసి నాకూ జాలేసింది, అబద్ధమెందుకు. కానీ ఆ భయాన్ని తెచ్చి ముసలామె కంచంలో వడ్డిస్తానంటే ఊరుకునే దాన్ని కాదు.

"అమ్మకు అన్నం పెట్టనోడు పిన్నమ్మకు గాజులు చేయిస్తనన్నడట. దేవునికిచ్చిన మాట కోసం కన్నతల్లిని ఎండబెడ్తవా?" అన్నాను.

ఆయన సగం అన్నంలోనే చేయి కడిగేసుకుని లేచిపోయాడు. పోతే పోయాడు.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో కళ్ళద్దాల షాపులో పనిచేస్తాను. పొద్దస్తమానం నిలబడి కోచింగ్ పిల్లల ముక్కుల మీద ఫ్రేములు పెట్టడం, తీయడం. మెట్రో దిగి ఇంటికి చేరేసరికి నాలో మిగిలేది ఓపిక కాదు, చిరాకు. మసాలాలు వేయించి, నూరి, గంటసేపు పులుసు మరిగించే వంటలు ఆదివారం ఉన్నవాళ్ళకి. మా షాపుకి ఆదివారమే గిరాకీ. నా గోడు మొత్తం పక్క ఫ్లాటు విజయదుర్గక్క దగ్గర వెళ్ళబోసుకున్నాను. ఆవిడది భీమవరం వైపు. చేప మాటెత్తితే చాలు, చేతిలో పని పక్కన పెట్టేస్తుంది.

"చేపకి అంత హంగామా ఎందుకండీ? ఉప్పు, పసుపు, మిరియాల పొడి, నిమ్మరసం. పట్టించి పావుగంట వదిలెయ్యండి. పెనం మీద కాస్త నూనె, గుప్పెడు కరివేపాకు, అటూ ఇటూ తిప్పితే అయిపోయింది. మసాలా అంతా దట్టించేస్తే చేప ఎందుకూ, వంకాయైనా ఒకటే!"

"మరి కోడికక్కా?"

"మీరు డ్యూటీకి వెళ్ళేముందే పెరుగు, అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి, కొత్తిమీర నూరి ముక్కలకి పట్టించి ఫ్రిజ్‌లో పెట్టెయ్యండి. మీరొచ్చేసరికి సగం వంట దానంతటదే అయిపోయుంటుంది. పొయ్యి మీద కూరకి పట్టే టైము కూడా పట్టదు."

"అంత మంచిగనే ఉన్నది గని, మా పొయ్యి మీద పెట్టనియ్యడు గద."

"అయ్యో, మా ఇంట్లో పొయ్యి లేదేంటండీ? రేపు రవ్వ చేప తెప్పిస్తున్నాను. వేయించి బాక్సులో పెట్టిస్తాను. మీవారొచ్చేలోగా పెట్టెయ్యండి, గొడవ లేదు."

నాకూ అదే బాగుందనిపించింది. మర్నాడు సాయంత్రం బాక్సు కొంగు చాటున పెట్టుకుని నా ఇంట్లోకి నేనే దొంగలా వచ్చాను. అత్తమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మూత తీశానో లేదో, ఇటు తిరిగింది.

"చేపనా?"

"అవ్ అత్తమ్మా, రవ్వ. లే, తిను."

లేచి కూర్చుంది. చేయి చాపింది. చాపిన చేయి బాక్సు మీదే ఆగిపోయింది.

"గిది మన గిన్నె కాదు. ఎవలింట్ల వండినవ్?"

"విజయక్క ఇంట్ల."

"ఎందుకు? మన పొయ్యికి ఏమైంది?"

అప్పుడు తెలిసింది నాకు, ఆమెకి ఎవరూ ఏమీ చెప్పలేదని. నీసు పెట్టకపోవడం డాక్టరు చెప్పిన పథ్యమే అనుకుంటోంది, పాపం. ఇంక దాచలేకపోయాను. మొక్కు సంగతంతా చెప్పేశాను. విని, బాక్సు మూత తనే పెట్టేసింది.

"తీస్కపో."

"అత్తమ్మా, నీ కాళ్ళు మొక్కుత. ఒక్క ముక్క."

"నేనేమన్న దొంగనా? నాట్లేసిన, కోతలు కోసిన, ఆణ్ని సాకిన. గిప్పుడు కన్నకొడుక్కు భయపడి కొంగు చాటున తినాల్నా? ఆకలితోని సస్త గని దొంగకూడు తిన."

నాకు ఒళ్ళు మండిపోయింది, ఏడుపూ వచ్చింది. ఆ కొడుకుకి ఈ తల్లే! ఇద్దరి మధ్యా నలిగేది నేను. ఆమె మాత్రం నా వైపు చూడనేలేదు. దుప్పటి మీద వేలితో గీతలు గీస్తూ కూర్చుంది.

"నా పానం కోసం మొక్కిండా?"

"నీకోసమే."

"నన్ను అడిగిండా?"

"నీకు తెలివెక్కడున్నది అప్పుడు?"

"తెలివొచ్చినంకన్న అడగాలె గద? మా పోచమ్మకు కోడినిస్తమని మొక్కుతరు బిడ్డా. కోడిని మానేస్తమని మొక్కినోణ్ని నా బతుకుల సూడలే!" అని దగ్గింది. దగ్గు ఆగాక నా చేయి పట్టుకుంది. "రేపు మన పొయ్యి మీద వండు. వాడు ఇంటికొచ్చే యాళ్లకే వండు. నేనున్న."

ఆమె ఉంటే నాకింకేం భయం? మర్నాడు మెట్రో దిగి నేరుగా చేపలమ్మే అంతయ్య దుకాణానికి వెళ్ళాను.

"అంతయ్యా, ముల్లు తక్కువుండే చేప ఇయ్యి. ముసలామెకు."

"కొర్రమట్ట అయిపోయిందక్కా, పొద్దుగాల్లనే ఎత్తుకపోతరు. బొచ్చ ఉన్నది. తాజాగున్నది గని ముల్లుంటది."

ముల్లుంటే తీస్తాను, నాకు చేతుల్లేవా? బొచ్చే కొట్టించుకున్నాను.

ఇంటికొచ్చి ముక్కలు ఉప్పుతో రుద్ది కడిగాను. విజయక్క చెప్పినట్టే పసుపు, నిమ్మరసం పట్టించాను. మిరియాల పొడి దగ్గరికొచ్చేసరికి మాత్రం చేయి ఆగింది. భీమవరం వాళ్ళకది సరిపోతుందేమో గానీ, చచ్చిపోయిన నాదర్‌గుల్ నాలుకని లేపడం దాని వల్ల కాదు. ఎల్లిపాయలు, జీలకర్ర, ఎర్ర కారం, ఉప్పు రోట్లో వేసి కచ్చాపచ్చాగా దంచాను. మా అమ్మా అదే చేసేది, అత్తమ్మా అదే చేసేది. ఆ ఎల్లిపాయ కారం ముక్కలకి దట్టంగా పూసి పెనం మీద వేశాను. కిటికీలు మూయలేదు. ఫ్యాను వేయలేదు. వాసన మెట్లు దిగి కింద దాకా పోతే పోనిమ్మన్నాను.

పోయింది కూడా. మా ఆయన రెండేసి మెట్లెక్కి వచ్చినట్టున్నాడు, బూట్లతోనే వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏంది స్వరూపా ఇది?"

"చేప."

"నేనేం జెప్పిన నీకు?"

"ఇన్న. ఇన్నంకనే వండుతున్న."

పొయ్యి ఆర్పడానికి చేయి చాపాడు. అట్లకాడ అడ్డం పెట్టాను.

"పొయ్యి మీద చెయ్యి పడ్డదా, రేపటిసంది ఈ ఇంట్ల పప్పు కూడా ఉడకది. చెప్తున్న."

"నీకు మా అమ్మ పానమంటే ఆటలెక్కున్నదా?"

"స్వరూపా, కంచం పెట్టు" అని వెనక నుంచి వినిపించింది.

ఇద్దరం తిరిగి చూశాం. అత్తమ్మ. గోడ పట్టుకుని, ఆయాసపడుతూ, ఒక్కతే మంచం దగ్గర్నుంచి వంటింటి దాకా నడిచొచ్చింది. నేను పరిగెత్తి కుర్చీ వేశాను.

"అమ్మా, నీకోసమే మొక్కిన" అన్నాడు మా ఆయన. కోపమంతా ఎక్కడికి పోయిందో. "నువ్వు పోతవని భయమైంది."

"ఎర్కే కొడుకా. మొక్కినవ్, బతికిన. సంతోషం. నీ నోరు కట్టుకున్నవ్, కట్టుకో, నేనొద్దన్న. దేవునికి నీ నాలుక ఇచ్చుకో. నా నాలుక ఇచ్చేతందుకు నువ్వెవనివి రా?"

"దేవునికి కోపమొస్తే?"

"వస్తే నా మీదికే రమ్మను. జర సత్తువొచ్చినంక నేనే మాట్లాడుకుంట ఆయనతోని. గిప్పుడు నిలబడి దండం పెడ్తందుకు గూడ కాళ్ళల్ల బలం లేదు నాకు."

నేను కంచంలో వేడన్నం, రెండు ముక్కలు పెట్టాను. అత్తమ్మ ముక్క విరిచింది. ముల్లు దొరికినట్టే దొరికి జారిపోయింది. ఒకప్పుడు నాలుకతో తేల్చేసిన మనిషి! నేను కూర్చుని చేయి పెట్టబోతే నా మణికట్టు పట్టుకుని ఆపింది.

"నువ్వాగు బిడ్డా. యోగీ, ఇట్ల రా. ముల్లు తియ్యి."

ఆయన ముక్కకేసి చూసి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నీ చిన్నప్పుడు నీకు నేను తియ్యలేదా? నీ మొక్కు నోటికి రా. చేతికి కాదు."

పెనం మీద మిగిలిన ముక్కలు మాడుతున్నా నాకు పట్టలేదు. ఆయన వంగి బూట్లు విప్పాడు. చేతులు కడుక్కొచ్చి తల్లి పక్కన కింద కూర్చున్నాడు. ముక్క విడదీసి, వెలుతురుకేసి పెట్టి చూసి, సన్నటి ముళ్ళు ఒక్కొక్కటే తీసి కంచం అంచున పెట్టాడు. కండ అన్నంలో కలిపి ఆమె నోటికి అందించాడు.

అత్తమ్మ కళ్ళు మూసుకుని నమిలింది. ఇదీ గడ్డే అంటే నేనేం చేయాలి?

"ఎల్లిపాయ" అంది.

నేను భోరుమన్నాను. ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

"కంచంల ఏడ్వకు. ఉప్పు ముందే ఎక్కువైంది" అని నోరు తెరిచింది, ఇంకో ముద్ద కోసం.

"ఆగమ్మా, ఇంకో ముల్లున్నది" అన్నాడు మా ఆయన.

ఆమె తిన్నాక ఆయనకి వడ్డించాను, పప్పూ అన్నం. తన మొక్కు తనది, నేను కాదనలేదు. సబ్బుతో ఎంత కడిగినా వేళ్ళకి చేప వాసన పోలేదట. అందుకని ఆ రోజు మా ఆయన పప్పన్నం చెంచాతో తిన్నాడు. తింటూ తింటూ, నా మొహం చూడకుండా అడిగాడు.

"కొర్రమట్ట కావాల్నంటే అంతయ్య దుకాణానికి పొద్దుగాల్ల ఎప్పుడు పోవాలె?"