అటక నుంచి వంటింటి గడప దాకా

కాటా మీద అంకె ఆగింది. అక్క కళ్ళజోడు పైకి తోసుకుని మళ్ళీ చూసింది.

"ఎక్కువుందే," అంది.

పిట్ట బల్ల అవతలి నుంచే మెడ సాచింది. "ఎంత?"

"ఎంతైతేనేం. బరువు హద్దు దాటింది. ఈ బండి ఇలా పరుగెత్తడానికి వీల్లేదు."

అప్పటిదాకా సంతలా ఉన్న హాలు ఒక్కసారిగా సద్దుమణిగింది. సోఫా చేతి మీద కూర్చున్న బార్బర్ నమలడం ఆపేశాడు. అటక దగ్గర నిచ్చెనెక్కి, స్టార్టింగ్ గేటు మీద చెయ్యేసి ఉన్న బస్సు డ్రైవర్ మెడ వంచి కిందికి చూశాడు. కిటికీ దగ్గర ఈల వేస్తున్న బావ మాత్రం ఈల ఆపి నవ్వడం మొదలుపెట్టాడు.

బొమ్మ కారుకింత హడావుడేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. గుప్పిట్లో పట్టే లోహపు కార్లవి. వాటిని విప్పి, ఇరుసులు నునుపు చేసి, కడుపులో బరువులు పెట్టి, ఏటవాలు ట్రాక్ మీద వదలడం వీళ్ళందరికీ ఉన్న పిచ్చి. పిచ్చికీ ఒక చట్టముంది. ఏడాదికోసారి ఫైనల్. గెలిచినవాళ్ళ ఇంటికి ట్రాక్ వెళుతుంది. మళ్ళీ ఫైనల్ దాకా అక్కడే ఉంటుంది.

చిక్కంతా ఆ చట్టంతోనే వచ్చింది. ట్రాక్ ఎవరింట్లో ఉంటే వాళ్ళు రోజూ ప్రాక్టీస్ చేస్తారు. ప్రాక్టీస్ చేసినవాళ్ళే మళ్ళీ గెలుస్తారు. అలా నాలుగేళ్ళుగా ఆ రెండు వరసల ట్రాక్ బావ ఇంట్లో పాతుకుపోయింది. అటక మీద మొదలై, అల్మారా ముందు నుంచి జారి, సోఫా పక్కగా హాలంతా ఈది, వంటింటి గడప దగ్గర ఆగుతుంది. అల్మారా తలుపొకటి ఆ నాలుగేళ్ళూ బెత్తెడు సందుకి మించి తెరుచుకోలేదు. లోపల ఏముందో అక్కే మర్చిపోయింది. కాగే గిన్నె పట్టుకుని ట్రాక్ దాటడంలో మాత్రం ఆవిడ ఆరితేరింది.

పిట్టకి ట్రాక్ లేదు. డెంటల్ ల్యాబ్‌లో పళ్ళ సెట్లు తయారుచేయడం ఆమె పని. అక్కడ ప్లాస్టర్ బస్తాకి ఆనించిన ఒక చీల్చిన ప్లాస్టిక్ పైపు, అదే ఆమె ప్రాక్టీస్. ఇవాళ గెలిస్తే ట్రాక్ వచ్చేది ఆ ల్యాబ్‌కే. ఓడితే ఇంకో ఏడాది ఆ పైపే గతి.

పొద్దున్నే అక్క ఫోన్ చేసి మరీ చెప్పింది. "ఇదిగో, ఈసారి నువ్వు గెలవకపోతే నేనే పెట్టె సర్దుకుని నీ దగ్గరికొచ్చేస్తా. నా హాలు నాకు కావాలే."

ఆ అక్కే ఇప్పుడు బండి ఆపింది. కాటా ఆవిడ వంటింటిది, ముగింపు గీత ఆవిడ గడప, కారు లేని మనిషి ఆ గుంపులో ఆవిడొక్కతే. అందుకే జడ్జీ కూడా ఆవిడే.

"బావ వైపు తిరిగావా ఏంటక్కా?" అంది పిట్ట.

"కాటా వైపు తిరిగాను. ముందు దీన్ని తీసుకో."

పిట్ట తన పసుపు వ్యానుని చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. ల్యాబ్‌లో తూచినప్పుడు సరిగ్గా హద్దు మీదే ఉంది. పోయిన ఆదివారం పోటీల్లో ముందు చక్రం వణికిందని రివెట్లు తొలిచి అడుగు భాగం విప్పింది. పళ్ళకి మెరుపు తెచ్చే పేస్టుతో ఇరుసులు అద్దంలా రుద్దింది. గ్రాఫైట్ పొడి అద్దింది. పంటి తొడుగుల లోహం ముక్కలు కడుపులో సర్దింది. తూచింది. మూసింది. ఆ తర్వాత?

ఆ తర్వాతిది బొటనవేలికి తగిలింది. పైకప్పుకీ అడుగుకీ మధ్య అతుకు చుట్టూ నున్నగా, చిగుళ్ళ రంగులో గట్టి పూత. మూసిన అతుకులో సందు కనిపిస్తే ఆమె చెయ్యి ఊరుకోదు. సందు వదిలితే అందులో తిండి ఇరుక్కుంటుంది మరి. ఏళ్ళ తరబడి అలవాటైన చెయ్యి, తూచడం అయిపోయాక, తనకి తెలియకుండానే పని పూర్తిచేసేసింది.

బార్బర్ వంగి చూశాడు. "పిట్టా, కారుకి చిగుళ్ళు పెట్టావా?"

"మరి రోజూ బ్రష్ చేయిస్తున్నావా మరదలా?" అన్నాడు బావ. "లేకపోతే చక్రాలు పుచ్చిపోతాయి."

హాలంతా పగలబడి నవ్వింది. పిట్ట చెవులు వేడెక్కాయి. గోటితో గీకింది. పూత చలించలేదు. తన పనితనమే తనకి అడ్డం పడింది.

"కత్తి ఇవ్వండెవరైనా."

"కుదరదు," అంది అక్క. "బల్ల దగ్గర పనిముట్టు ముట్టకూడదు."

అది కూడా చట్టమే. ఒకసారి ఎవరో ఇక్కడే ఆకురాయి ఆడిస్తే రజను ట్రాక్ మీద పడి రేసంతా పాడైంది. అప్పటి నుంచీ తూకానికొచ్చిన బండికి ఏదీ కలపకూడదు. చేత్తో ఊడేది ఊడదీసుకోవచ్చు, అంతే.

"తొందరగా తేల్చండమ్మా," అన్నాడు నిచ్చెన మీది డ్రైవర్. "బస్సులో అయితే కూర్చుని ఉంటాను. ఇక్కడ పిక్కలు పట్టేస్తున్నాయి."

పిట్ట వ్యానుని ముఖం దగ్గరికి తెచ్చుకుంది. ముందు బంపర్ ప్లాస్టిక్‌ది. పళ్ళు పనిముట్లు కావని కనిపించినవాళ్ళకల్లా చెప్పే మనిషి, సీసా మూత కొరికినందుకు బావని పెళ్ళిలో పదిమంది ముందు కడిగేసిన మనిషి, ఆ బంపర్‌ని కోరపళ్ళ మధ్య పెట్టి ఒక్క కొరుకు కొరికింది. టప్పున ఊడింది.

"ఇది అన్యాయం," అన్నాడు బావ. "పనిముట్టు వాడింది."

"పళ్ళు ఒంట్లో భాగమండీ," అంది అక్క, కాటా మీంచి తల ఎత్తకుండా. "లిమిట్‌లోకొచ్చింది. పైకి పంపండి."

మూడు పరుగులు. రెండు గెలిచినవాళ్ళదే ట్రాక్.

గేటు పడింది. బావ నల్ల కారు, పిట్ట పసుపు వ్యాను అటక మీంచి ఒక్కసారే దూకాయి. నిజానికి వ్యానే ముందుంది. ఆ ఇరుసులు మాట్లాడటం లేదు, పాడుతున్నాయి. కానీ ఏటవాలు వచ్చి నేలని కలిసేచోట ట్రాక్‌కి ఒక అతుకుంది. వ్యాను మూతి అక్కడ పైకి లేచింది. బండి గాల్లో ఊగి, పక్కకి ఒరుసుకుంటూ కిందపడి, కుంటుకుంటూ గడప చేరింది. నల్లకారు అప్పటికే, బళ్ళు ఆగడానికి గడప అవతల పెట్టిన దిండులో ముక్కు దూర్చి పడుకుంది.

"దానికి ఆకలేసినట్టుంది," అన్నాడు బావ. "బంపర్ నువ్వు తినేశావుగా."

పిట్ట వినడం లేదు. ఆమె కళ్ళు ఆ అతుకు మీదే ఉన్నాయి. బంపర్ పోవడంతో ముందు భాగం తేలికైంది. అందుకే మూతి లేస్తోంది. ముందు బరువు పెట్టడానికి చట్టం ఒప్పుకోదు. ఇక మిగిలిందొకటే, వెనక కూడా తగ్గించడం. బరువు తగ్గితే వేగం తగ్గుతుందని అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. కానీ ఎగిరే బండికి వేగం ఉండి ఏం లాభం?

వ్యాను వెనక పైకి లేచిన ప్లాస్టిక్ రెక్క బంపర్ కంటే మందంగా ఉంది. పిట్ట కళ్ళు మూసుకుని కొరికింది. ఊడలేదు. తిప్పి పట్టుకుని మళ్ళీ కొరికింది. ఈసారి రెండు చప్పుళ్ళు వినిపించాయి. ఒకటి రెక్కది. రెండోది దేనిదో ఆమె నాలుకకి తెలిసింది. పెదాలు బిగించి, వ్యానుని కాటా మీద పెట్టింది.

"బాగా తక్కువుందే," అంది అక్క మెల్లగా. "ఇలాగే వదులుతావా?"

పిట్ట తలూపింది.

రెండో పరుగులో వ్యాను అతుకు దగ్గరికి రాగానే అందరూ ముందుకి వంగారు. వ్యాను ఎగరలేదు. పిల్లి గోడ దిగినట్టు మెత్తగా దిగి, నేల మీద చెలరేగిపోయింది. గడప దాటేసరికి నల్లకారు ఇంకా సోఫా కాలు దగ్గరే ఉంది. బార్బర్ కింద పడబోయి డ్రైవర్ నిచ్చెన పట్టుకున్నాడు. నిచ్చెన ఊగింది. డ్రైవర్ తిట్టిన తిట్టు ఆ కేకల్లో ఎవరికీ వినిపించలేదు.

బావ నవ్వు ఆగిపోయింది. తాళాలు బాగుచేసే వేళ్ళవి, వెంట్రుకవాసి తేడా కూడా పట్టేస్తాయి. నల్లకారు చక్రాలు ఒక్కొక్కటీ తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. ఒకదానికి చుట్టుకున్న సన్నని పోగుని పట్టి లాగేశాడు. ఊడదీయడానికి అడ్డులేదు కదా. కారుని పైకి అందించాడు.

ఆఖరి పరుగుకి అక్క గడప దగ్గర బోర్లా పడుకుంది, చెంప నేలకి ఆనించి.

గేటు పడింది.

రెండు బళ్ళూ ఒకే చప్పుడుతో జారాయి. అల్మారా ముందు నల్లది ముందు. అతుకు దగ్గర పసుపుది కలిసింది. సోఫా దగ్గర ఏది ముందో, ఏది వెనకో. బార్బర్ తన జుట్టు తనే పీక్కుంటున్నాడు. పిట్ట పిడికిళ్ళు బిగించి మునివేళ్ళ మీద లేచింది. గడప, దిండు, ధబ్బుమని ఒకే చప్పుడు.

ఎవరు గెలిచారో హాల్లో ఎవరికీ తెలియలేదు. అక్కకి తప్ప.

అక్క లేచింది. చీర దులుపుకుంది. ఎవరి వైపూ చూడలేదు.

"పసుపు," అంది. "మూతి తేడా."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరి బుర్రల్లోనూ ఒకటే మెదిలింది. బార్బర్ నోరు ఆగలేదు. "అంటే వదినా, ఎవరూ ఏమీ అనట్లేదనుకో. కానీ ఖాళీ అయ్యేది నీ హాలే కదా..."

పిట్ట బావ వైపు చూసింది. ఇప్పుడు బావ అడ్డం తిరిగితే గెలుపు గెలుపు కాదు.

బావ దిండులోంచి నల్లకారు తీసి జేబులో వేసుకున్నాడు. "నోరు మూసుకో," అన్నాడు బార్బర్‌తో. "ఇందాక కాటా అంకె ఎవరికి కనిపించింది?"

"వదినకే."

"హాలు కావాలనుకున్న మనిషి అప్పుడే ఊరుకునుంటే సరిపోయేదిగా. సొంత చెల్లెలి బండిని ఆపింది. నాలుగేళ్ళు నేను గెలిచానని చెప్పినప్పుడు నమ్మాను. ఇప్పుడు పసుపంటే పసుపే." పిట్ట వైపు తిరిగాడు. "విప్పుకో తల్లీ, నీదే."

అప్పుడు మోగింది హాలు. డ్రైవర్ నిచ్చెన మీదే గంతులు వేశాడు. పిట్ట నోరారా నవ్వింది. ఆ నవ్వు చూసి బావ ఆగిపోయాడు.

"మరదలా, పన్ను సగమే ఉందేంటి?"

పిట్ట బుగ్గలోంచి తెల్లటి ముక్కని తీసి అరచేతిలో చూపించింది. "రెక్కతో పాటు ఇదీ వచ్చింది. రేపు నేనే కట్టుకుంటాలే."

"సీసా మూత కొరికినందుకు నన్నేమన్నావో గుర్తుందా?"

"అన్నీ గుర్తున్నాయి. ఆ చివర పట్టుకో బావా."

ట్రాక్ ముక్కలు ముక్కలుగా ఊడివచ్చింది. అక్క ఎవరి కోసమూ ఆగలేదు. తిన్నగా వెళ్ళి అల్మారా తలుపు లాగింది. లోపల్నుంచి ఒకటి తర్వాత ఒకటి గొడుగులు ఆవిడ కాళ్ళ మీద పడ్డాయి.

"ఏడాదికో గొడుగు పోతోందని ఊరందర్నీ అనుమానించారు కదండీ," అంది భర్తతో. "ట్రాక్ మీంచి ఆ తలుపు సందులోకి ఎవరు తోశారో ఇప్పుడు చెప్పండి."

బావ గొడుగుల వైపు చూడనే లేదు. పిట్ట వెనకాలే ట్రాక్ ముక్కలు మోస్తూ గుమ్మం దాకా వచ్చి, గొంతు తగ్గించాడు. "రేపు సాయంత్రం ల్యాబ్‌కి రానా? ఊరికే, రెండు పరుగులు చూసుకుని పోతాను."

"తప్పకుండా రా బావా," అంది పిట్ట, సగం పన్నుతో నవ్వుతూ. "నీ కోసం పైపు ముక్క ఒకటి ఉంచాను. ఇంటికి పట్టుకెళుదువుగాని."