పదకొండు తీగలు

సూరయ్య విజయనగరంలో షెడ్డు పెట్టి ముప్ఫై ఏళ్లు. ఈ ముప్ఫై ఏళ్లలో ఏ బండి యజమానితోనూ "తెల్దు" అనలేదు. తెలియకపోతే బండి చుట్టూ ఒకసారి తిరిగి, "రేపు సూద్దాం" అనేవాడు. రేపటికి ఎలాగో తెలిసేది. షెడ్డుకి బోర్డు లేదు. "తెల్దు" అనని సూరయ్య అంటే చాలు, లారీల వాళ్లు దారి చెప్పేవారు.

పందొమ్మిది వందల అరవై ఎనిమిదిలో, దసరా నవరాత్రుల్లో, వీణ మాస్టారు చంద్రశేఖరం గారు తన కారు తోయించుకొచ్చారు. పొడుగు మూతి, ఎర్ర రంగు, పైన కప్పు లేదు, రెండే సీట్లు. కొండకింద జమీందారొకాయన మాస్టారి కచేరీ విని కరిగిపోయి, శాలువా కప్పబోతే శాలువా కనబడక, కారు తాళం చేతిలో పెట్టాడట. అప్పట్నుంచీ ఒక సీటులో మాస్టారు, రెండో సీటులో వీణ. భార్య జగదీశ్వరమ్మ గారు బస్సులో వెళ్లేవారు. ఆవిడే ముందు చేరేవారు.

ఇప్పుడు స్టీరింగు ముందు మీటర్లు బిగించిన చెక్కని చెదలు తినేశాయి. ఐదు మీటర్లూ చెదమట్టిని పట్టుకుని వేలాడుతున్నాయి.

"విశాఖపట్నంలో ఒకాయనకి చూపించాను సూరయ్యా. ఇవి ఊడదీస్తే మళ్లీ పెట్టడం ఎవరి వల్లా కాదన్నాడు."

"తీసిన సెయ్యికి పెట్టడం తెలవదేటి బాబూ?"

"దశమినాడు అరసవల్లిలో కచేరీకి వెళ్లాలి. ఈసారి మా ఆవిడని కార్లో కూర్చోబెడతానని మాటిచ్చాను. పద్దెనిమిదేళ్లకి."

"మరి వీణో?"

"బస్సులో."

సూరయ్య సరేనన్నాడు.

అష్టమినాడు బ్యాటరీ తీగ విప్పి, మీటర్లు ఒక్కొక్కటే బయటికి తీశాడు. వేగం మీటరుకి లావుపాటి కేబులు, నూనె మీటరుకి రాగి గొట్టం. వాటితో పేచీ లేదు. పేచీ అంతా మిగతా మీటర్లకీ స్విచ్చులకీ వచ్చే తీగలతో. పదకొండు. వాటి మీది రంగు గుడ్డ ఎప్పుడో మాసి, అన్నీ ఒక్కటే రంగయ్యాయి. సూరయ్యకి ఇంగ్లీషు రాదు, తెలుగు రాయడానికి బద్ధకం. అతని పద్ధతి అతనికుంది. ఇంట్లోంచి పసుపు, కుంకుమ, సున్నం, మసి తెచ్చుకుని, తీగ కొసకొక బొట్టు, అది ఊడివచ్చిన మరమేకుకొక బొట్టు పెట్టాడు. ఒక బొట్టు, రెండు బొట్లు, మూడు బొట్లు. పసుపు రెండు బొట్ల తీగ పసుపు రెండు బొట్ల మరమేకుకి. లారీలన్నీ అలాగే విప్పాడు, అలాగే బిగించాడు.

నవమినాడు పొద్దున్నే బొబ్బిలి వెళ్లాడు. వీణకి కోయగా మిగిలిన పనసచెక్క ఒకటి అక్కడ ఉందని మాస్టారు చెప్పారు. మీటర్లకి కన్నాలు కోయించి, నూనె పట్టించి, చంకలో పెట్టుకుని మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు.

షెడ్డు తళతళలాడుతోంది. రెంచీలకి బొట్లు, జాకీకి బొట్లు, సుత్తికి బంతిపూల దండ. చాప మీద వరసగా మీటర్లు, స్విచ్చులు. ప్రతి మరమేకుకీ పసుపు, పసుపు మీద కుంకుమ. కారులోంచి వేలాడే పదకొండు తీగల కొసలకీ పసుపు, పసుపు మీద కుంకుమ.

"ఏటి సేసినావే?" అన్నాడు సూరయ్య.

"ఆయుదపూజ," అంది భార్య దాలమ్మ. "సెయ్యకపోతే ఊరుకుంటావేటి?"

"అంతకుముందు వాటికి బొట్లున్నాయి కదే."

"ఉన్నాయి. నీళ్లోసుకోకుండా నువ్వు పెట్టిన బొట్లు. ఒకదానికి మసి కూడా పూసినావు. అమ్మవారికి మసి బొట్టేటి మావా? కిరసనాయిలు గుడ్డతో అన్నీ సుబ్బరంగా తుడిసీసి మళ్లీ పెట్టినాను."

సూరయ్య చేత్తోనే మరలు తిప్పి పనసచెక్క బిగించాడు. మీటర్లు కన్నాల్లో కూర్చోబెట్టాడు. తీగల వంక చూశాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. రెంచీ అందుకోబోతే, పూజ చేసిన పనిముట్లు ఆ పూట ముట్టుకోకూడదని దాలమ్మ గుర్తుచేసింది. రేపు సూద్దాం అనుకున్నాడు.

రేపు దశమి. ఎనిమిదింటికల్లా మాస్టారు వచ్చారు. వెనకే పట్టుచీరలో జగదీశ్వరమ్మ గారు. వీణ ఏడింటి బస్సుకి వెళ్లిపోయిందట. ఆవిడ నేరుగా వెళ్లి తన సీట్లో కూర్చున్నారు.

సూరయ్య కారు చుట్టూ తిరిగాడు. మళ్లీ తిరిగాడు. షెడ్డు ముందు టీ తాగుతున్న లారీ డ్రైవరు చినబాబు గ్లాసు ఆపి చూస్తున్నాడు. మూడో చుట్టు తిరిగాక సూరయ్య ఆగాడు.

"ఏ తీగ ఎక్కడిదో తెల్దు బాబూ."

చినబాబు లేచి నిలబడ్డాడు. దాలమ్మ లోపలికి వెళ్లిపోయింది.

మాస్టారు తీగల్ని చూశారు. కుంకుమని చూశారు. అర్థమైనట్టుంది. "శ్రుతి తప్పిన వీణ చేతికిస్తే నేనేం చేస్తాను? ఒక్కో తీగా మీటి వింటాను. నువ్వు మీటు, నేను వింటాను."

బ్యాటరీ నుంచి ఒక తీగ లాగి, ఏదీ కాలిపోకుండా మధ్యలో హెడ్‌లైటు బల్బు కట్టి, సూరయ్య ఒక్కో కొసకీ తగిలించాడు. మాస్టారు పంచె ఎగ్గట్టి కారు వెనక గొంతుకూర్చున్నారు.

"టిక్కుటిక్కుమంది. మూడేసి దెబ్బల తిశ్రం."

"పెట్రోలు పంపు."

"ఇక్కడ ఎర్రదీపం వెలిగింది."

"ఎనకలైటు."

నాలుగో తీగకి జగదీశ్వరమ్మ గారి మోకాళ్ల ముందు హారను కేకేసింది. ఆవిడ కదల్లేదు.

"దిగి నీడలో కూర్చోరాదూ?" అన్నారు మాస్టారు.

"దిగను," అన్నారావిడ.

పన్నెండయ్యేసరికి పది తీగలు తేలి, వాటి వాటి చోట్లకి చేరాయి. పదకొండోది ఎంత తగిలించినా వెలగలేదు, మోగలేదు, ఏ ముల్లూ కదల్లేదు.

"ఇదేమిటి సూరయ్యా?"

"తెల్దు బాబూ." రెండోసారి ఆ మాట తేలిగ్గానే వచ్చింది.

దాని కొసకి గుడ్డ చుట్టి చెక్క వెనక్కి తోసేశాడు. దాలమ్మ నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టింది. ఇంజను అందుకోగానే పనసచెక్క సన్నగా జుమ్మంది. మాస్టారు ఒక క్షణం చెవి ఒగ్గి, తలాడించి, కారు కదిపారు. పక్క సీట్లో జగదీశ్వరమ్మ గారు రెండు చేతులతో తలుపు పట్టుకుని ఉన్నారు.

దుమ్ము అణిగాక చినబాబు దగ్గరకొచ్చాడు.

"తెల్దన్నావు మావా."

"అన్నాను."

"రెండుసార్లు."

సూరయ్య రెంచీకి ఉన్న కుంకుమ తుడుచుకుంటున్నాడు.

"నా లారీలో సీటు కింద ఒక తీగున్నాది. కొన్నప్పట్నించీ. దేనికో నాకు తెల్దు. నిన్నడిగితే నవ్వుతావని ఆరేళ్లై అడగనేదు."

సూరయ్య లేచాడు. లారీ చుట్టూ ఒకసారి తిరిగాడు.

"రేపు సూద్దాం," అన్నాడు.