పుట్టమన్ను పొయ్యి

పెళ్లై పదహారు రోజులే అయింది గనుక నిర్మలకు ఆ ఇంట్లో ప్రతిదీ ముద్దుగానే ఉంది. దండెం మీద తన నారాయణపేట చీర పక్కన భర్త చొక్కా ఆరుతుంటే చూసి కూడా నవ్వుకునేది. అన్నిటికన్నా ముద్దొచ్చేది పొయ్యి. కొత్త కోడలు పాత పొయ్యి మీద వండకూడదని అత్త గోపమ్మ పుట్టమన్ను తెచ్చి, పిసికి, తన చేతులతో వేసింది. అంచున ఆమె వేళ్ల గుర్తులు అలాగే ఉన్నాయి.

ఆ ఆదివారం పొద్దున భర్త అమరేందర్ ఆటకంటూ ఒక పెట్టె తెచ్చాడు. దేవరకొండ దగ్గరి గుట్టల్లో యురేనియం వెతికే క్యాంపులో అతని నౌకరీ. కిరణాలు చిమ్మే రాయి దగ్గర పెడితే ఆ పెట్టె టిక్కుటిక్కుమంటుంది. బీఎస్సీ పుస్తకంలో బొమ్మ చూడటమే తప్ప నిర్మల దాన్ని ముట్టుకోలేదు. చీకట్లో రేడియం అంకెలు మెరిసే తన పెళ్లి గడియారాన్ని దానికి ఆనించింది. టిక్, టిక్, టిక్.

"అత్తమ్మా, గడియారం దగ్గర పెడితే టిక్కుమంటాంది!"

"గడియారం టిక్కుమనక ఇంకేమంటది బిడ్డా?" అంది గోపమ్మ.

నవ్వుతూ పెట్టెను ఇల్లంతా తిప్పింది నిర్మల. కాగు దగ్గర ఒకటి, రోలు దగ్గర ఒకటి. పొయ్యి దగ్గర వంగేసరికి పేలాలు వేగినట్టు చిటపటలాడింది.

"బ్యాటరీ ఖరాబైంది," అంటూ అమరేందర్ పెట్టె లాక్కున్నాడు. "అమ్మా, గీ మన్ను కంచె కాడి పుట్టదేనా?"

నిర్మల నవ్వు ఆగిపోయింది. చెడింది బ్యాటరీ అయితే పుట్ట ఊసెందుకు? కంచె దగ్గర ఏముందో ఆయనే గొప్పగా చెప్పాడు. క్యాంపులో నలగ్గొట్టిన రాళ్ల పొడిని ఎనిమిదడుగుల గోతిలో పూడ్చి, పైన బండలు పరిచారట. మనిషన్నవాడు తియ్యలేడట. మరి ఈ పొయ్యిలోకి ఎవరు తెచ్చారు? నిన్న తను ఉతికిన ఆ చొక్కాకంటి వచ్చిందా? అమరేందర్ ముందు జొన్నరొట్టె సగం అలాగే ఉంది.

"గా పుట్ట జర చూపియ్యి అత్తమ్మా," అంటూ నిర్మల పెట్టె అందుకుంది.

"గీ ఎండల ఎందుకు?" అన్నాడతను. ఆమె వినలేదు.

కంచె కూలి ఉంది. బండలు కదల్లేదు, గడ్డపార గుర్తు లేదు. బండల నడుమ నుంచి నడుమెత్తు పుట్ట మాత్రం లేచింది. ఎర్రమట్టిలో బూడిదరంగు పలుకులు. తడి కోసం చెదలు లోతుకు దిగి, అక్కడి మన్ను కొంచెం కొంచెం పైకి మోస్తాయి. వాటికి ఏ బండ అడ్డం? పుట్ట దగ్గర పెట్టె రొద పెట్టింది. సందులో మొలిచిన తుమ్మ ఆకు దగ్గర తక్కువైనా ఆగలేదు. ఆ ఆకే మేకలు తింటున్నాయి. వాటి పెంటికల దగ్గరా టిక్కుమంది.

"ఇంకెవలు తీస్కపోతరు ఈ మన్ను?"

"ఊరంతా. జంగమ్మ బిడ్డ పెండ్లి శుక్రారం గద, నిన్ననే రెండు గంపలు తీస్కపోయిండ్రు," అంది గోపమ్మ.

వెనకే వచ్చిన అమరేందర్ నేల చూపులు చూస్తూ అన్నాడు: "నెల కింద గా బూడిదరంగు చూసిన. మా సారుకు చెప్తే, కాయితం మీద రాయొద్దన్నడు."

"అయినా మన పొయ్యి ఎయ్యనిచ్చిండ్రా?"

"ఏ పుట్టదో తెల్వదు. అడగాలంటే భయమైంది. అందుకే ఇయ్యాల పెట్టె తెచ్చిన."

ఆట కోసం తెచ్చానన్న మనిషే! నిర్మల సగమే నమ్మింది.

ఇంటికొచ్చాక గోపమ్మ పొయ్యికి అడ్డం కూర్చుంది. "నా చెయ్యి మంచిది కాదా బిడ్డా?"

"నీ చెయ్యి బంగారం అత్తమ్మా. మన్నే మంచిది కాదు."

దుమ్ము లేవకుండా నీళ్లు చల్లి ముగ్గురూ పొయ్యి పగలగొట్టారు.

"యాడన్న లోతుగ పాతిపెడ్దమా?" అన్నాడు అమరేందర్.

"పాతిపెడితేనే గద ఇంటిదాంక వచ్చింది!"

నిర్మల తన కొత్త ట్రంకుపెట్టెలో చీరలన్నీ మంచం మీద కుప్పపోసి, పెళ్లలు అందులోకి ఎత్తింది. వేళ్ల గుర్తులున్న పెళ్లను చివర్న పెట్టి మూత వేసింది.

"మొదలు జంగమ్మ ఇంటికి. ఆడికెల్లి క్యాంపుకు. దీన్ని మీ సారు బల్ల మీద పెట్టి, రాస్తవా రాయవా అని అడుగుండ్రి."

"నేనొక్కణ్నే పోతలే. ఎండ."

అతను క్యాంపు గేటు దాకా పోతాడా, మధ్యలో ఏ వాగులోనో పారబోస్తాడా? నిర్మల అతని మొహం ఒకసారి చూసి, ట్రంకు రెండో కొస పట్టుకుంది.

"లేపుండ్రి," అంది.