చెయ్యి అందని గౌను

"పిండి బాగా పొంగిందోయ్!"

తిమొఫేయ్ ఈ మాట అన్నాడంటే పెళ్ళాం గ్లాఫిరా క్యాబేజీ సూపు మీదికి వంగి ఉందన్నమాట, వెనకనుంచి అతని అరచెయ్యి ఫెడీమని ఆమె పిరుదుల మీద పడిందన్నమాట. ఆ చప్పుడుకి కామా నది అవతలి ఒడ్డున బాతులు లేచిపోయేవంటే మీరు నమ్మరు. ఉమ్మడి వంటిల్లు కదా, ఇరుగుపొరుగంతా గరిటెలు ఆపి మరీ నవ్వేవాళ్ళు. గ్లాఫిరా కూడా నవ్వేది. నవ్వకపోతే పొగరంటారు, ఏడిస్తే పిచ్చంటారు, ఇక మిగిలింది నవ్వే. పెళ్ళయిన కొత్తలో ఒకసారి చెప్పి చూసింది, "నలుగురిలో వద్దు తిమోషా, సిగ్గుగా ఉంటుంది" అని. "నా పెళ్ళాన్ని ముట్టుకోవడానికి నేను టిక్కెట్టు కొనుక్కోవాలా?" అన్నాడు. అత్తగారు ఫెవ్రోన్యా మంచం మీంచే అందుకుంది: "కొడుతున్నాడా ఏంటే? ముద్దు చేస్తున్నాడు. మీ మామ ముద్దు బెల్టుతో ఉండేది." ఆ మాట అక్కడితో సరి. తిమొఫేయ్ చెడ్డవాడు కాడు మరి. జీతం తెచ్చి చేతిలో పెడతాడు, ఆమె బూటు మడమ ఊడితే తనే మేకు కొడతాడు. అలాంటివాడి మీద ఏమని చెప్పుకోవాలి? పొద్దంతా థియేటర్లో సూది పట్టి, సాయంత్రం రొట్టె క్యూలో నిలబడి, వచ్చి అతని గ్రీజు బట్టలు నానబెట్టి, సూపు పొయ్యెక్కించిన మనిషికి, వెనక ఎవరున్నారో చూసుకోకుండా వంగే వీలు కూడా లేదని ఏ ఆఫీసులో అర్జీ పెట్టుకోవాలి?

ఆ చలికాలం థియేటర్లో కుట్టుగది పైన వేడినీళ్ళ గొట్టం పగిలింది. కొత్త ఆట దగ్గర పడింది. "తలా ఒక పాచ్కా ఇంటికి పట్టుకుపోండమ్మా, ఇక్కడుంటే తడిసిన అప్పడాలైపోతాయి" అంది కత్తిరింపుల ముసలావిడ అగ్నియా. పాచ్కా అంటే బాలే పిల్లలు కట్టుకునే జాలీ గుడ్డ గౌను. చిక్కేమిటంటే, బాలేకి పేరుమోసిన ఈ పెర్మ్ ఊళ్ళోనే టీ పొట్లాన్నీ పాచ్కా అనే అంటారు. గ్లాఫిరా ఇంటికి ఫోన్ చేసి, "పాచ్కా తెస్తున్నా అత్తయ్యా, కాస్త చోటు చెయ్యండి" అంది. మంచి టీ దొరకని రోజులు. ఫెవ్రోన్యా వంటింట్లో అందరికీ చాటింపు వేసి, పెద్ద కెటిల్ పొయ్యి మీద పెట్టి, ఖాళీ డబ్బా తుడుచుకుని కూర్చుంది. "చోటు చెయ్యమంటోందంటే ఎంత పొట్లమో!"

ఇక్కడ ట్రామ్‌లో జనం ఎలా ఉన్నారంటే, ఒకడి ముక్కు దురద పెడితే పక్కవాడి ముక్కు గోకుతున్నాడు. గ్లాఫిరా బండిచక్రమంత సంచి చేతులు చాచి పట్టుకుని ఎక్కింది. కండక్టరమ్మ ఒక్క కేక పెట్టింది: "జరగండి, జరగండి! పాచ్కా అది! నలిగిందంటే ఊరి పరువు పోతుంది!" అంతే, జనం విడిపోయారు. ఆమె చుట్టూ గాలి. మోచెయ్యి తగలదు, ఎవడి ఊపిరీ మెడ మీద పడదు. ఇంత చోటు తనకి ఎప్పుడైనా దొరికిందా అని ఆలోచించింది గ్లాఫిరా. మంచంలో గోడవైపు, వంటింట్లో పొయ్యికీ తొట్టికీ మధ్య, బల్ల దగ్గర చివరంచున. ఎక్కడా లేదు. కుడుతూ కూర్చున్నప్పుడు అగ్నియా చెప్పే మాటలు గుర్తొచ్చాయి: "మొదట్లో ఇది నేల ఊడ్చేదే పిల్లా. లోపల కాళ్ళు పడే పాట్లు ఎవడికీ కనపడేవి కావు. ఒకమ్మాయికి ఒళ్ళు మండింది. ఇంత పని చేస్తున్నా, కనపడొద్దా అని చీలమండ పైకి కత్తిరించింది. ఊరు గోలెత్తిపోయింది. తర్వాత పిక్కల దాకా, తెల్లగా, గంట బోర్లించినట్టు. మునివేళ్ళ మీద నిలబడుతోంది కదా, చూడాలిగా మరి. ఆ తర్వాత ఇటలీ పిల్లలు మోకాలి పైకి తెచ్చారు. మా కాలానికి లోపల ఇనప వలయం పెట్టి పళ్ళెం చేసేశారు. కత్తెర పడ్డప్పుడల్లా పని కనపడాలనే పడింది. బాక్సు సీట్లలో కూర్చున్న మగాళ్ళేమో దుర్భిణి పెట్టుకుని, ఇదంతా మా కోసమే అనుకున్నారు. పళ్ళెం అయ్యాక వాళ్ళకి ఒక చిక్కొచ్చిందిలే. వేదిక మీద చెయ్యిపట్టి తిప్పేవాడు కూడా చేరువలోకి రాలేడు!"

ఇంట్లో సంచి విప్పేసరికి కప్పులు పట్టుకుని వచ్చినవాళ్ళందరి మొహాలూ చూడాలి. "దీన్ని మరగబెట్టాలంటే కామా నదే కావాలి" అన్నాడు పక్కగది ముసలాయన. ఫెవ్రోన్యా తిట్టుకుంటూనే కెటిల్ దించింది.

పొరలన్నీ సమంగా పరుచుకున్నాయో లేదో చూసి టాకాలు వెయ్యాలి. బట్టలు తొడిగి చూసే బొమ్మేమో కుట్టుగదిలోనే ఉండిపోయింది. దాంతో గ్లాఫిరాయే ఉన్ని లాగు మీద గౌను తొడుక్కుంది. ఆ నడుము దోమ నడుమాయె, కొక్కేలు పడతాయా! వెనక అంచు ఎత్తిపట్టి బూటు తాడుతో బిగించింది ఫెవ్రోన్యా. సూది పట్టుకుని చుట్టూ తిరుగుతూ, ఉన్నట్టుండి ఆగిపోయింది. గౌను అంచు దగ్గర నిలబడి కోడలి నడుము వైపు చెయ్యి చాచింది. అందలేదు. ఇంకా చాచింది.

"మీ మామ బెల్టు మాత్రం అందేదే గ్లాషా" అంది మెల్లగా, "అయినా దెబ్బ కాస్త తగ్గేది." గ్లాఫిరా వంగి ముసలామె తలమీద ముద్దు పెట్టుకుందామంటే మధ్యలో గౌను. ఇద్దరికీ నవ్వొచ్చింది, కళ్ళు తుడుచుకునేంత నవ్వు.

అప్పుడే తిమొఫేయ్ డిపో నుంచి వచ్చాడు. పెళ్ళాం వీపు కనపడింది. అలవాటైన చెయ్యి దానంతటదే లేచింది. "పిండి..." అన్నాడు, చెయ్యి అక్కడే ఆగింది. ఎడమవైపు నుంచి చూశాడు, వలయం. కుడివైపు నుంచి చూశాడు, వలయం. "ముట్టుకున్నావంటే చంపేస్తా, అది సర్కారు సొత్తు!" అని అరిచింది తల్లి. గుమ్మం దగ్గర ఇరుగుపొరుగు పగలబడి నవ్వారు. "ఏం తిమొఫేయ్, పొయ్యి దూరమైందా?"

జన్మలో మొదటిసారి ఆ నవ్వు అతని మీద పడింది. చెవులు బీట్‌రూట్ దుంపలయ్యాయి. చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక టోపీ తీసి పట్టుకున్నాడు. ఇక చేసేదేం లేక, పెళ్ళాం మొహంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు.

"కళ్ళ కింద ఇంత నలుపేంటి గ్లాషా? నిద్రపోవడం లేదా?" అన్నాడు.

ఇన్నేళ్ళూ మరీ దగ్గరగా ఉండి చూడలేదు కాబోలు పాపం, అనుకుంది గ్లాఫిరా. తనకి కావలసింది ఇతను లేకపోవడం కాదు. ఇదిగో, ఈ మాత్రం ఎడం. రేపు గౌను థియేటర్‌కి పోతుంది, ఎల్లుండి మళ్ళీ పిండి పొంగుతుంది. అలా పొంగనివ్వకూడదని అక్కడే, ఆ బూటు తాడు బిగింపులో ఊపిరాడకుండా నిలబడే అనుకుంది. ఎలాగో మాత్రం తోచలేదు.

టాకాలయ్యాక గౌను విప్పి, బోర్లించి పైకప్పు కొక్కేనికి వేలాడదీసింది. పాత గళ్ళ గౌనులో వంటింట్లోకి వెళ్ళి సూపు మీదికి వంగింది. వెనక అతని బూట్ల చప్పుడు. గరిటెలు ఆగాయి, అందరూ నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు.

"అక్కడే ఆగు తిమోషా" అంది గ్లాఫిరా, తిరక్కుండానే. నవ్వలేదు.

బూట్లు ఆగాయి. తిమొఫేయ్ ఆ పాత గౌనును కిందినుంచి పైకి ఒకసారి చూశాడు.

"ఇంకా ఉందా ఏంటి ఆ పాచ్కా ఒంటిమీద?"

గ్లాఫిరా పొయ్యి తగ్గించి ఇటు తిరిగింది.

"లేదు. నేనున్నాను."