కాకినాడ పట్టుకెళ్లిపోండి

నన్ను మెడలో వేసుకున్నవాళ్లంతా డాక్టర్లు కారు. నేను ఒక స్టెతస్కోపును. ఇన్నేళ్ల నా బతుకులో పెద్ద చదువు చదివిన డాక్టరు ఒక్కడైనా నన్ను ముట్టుకోలేదు. కొన్నాళ్లు ఒక ఆర్.ఎం.పి. చేతిలోనూ, కొన్నాళ్లు ఒక హాస్యనటుడి మెడలోనూ నా కాలం గడిచింది. ఇద్దరిలో ఎవరు ఎక్కువ నటించారని ఎవరైనా అడిగితే, జవాబు తెలిసి కూడా నేను చెప్పలేను. నా పని వినడం వరకే.

ఉత్తరాదిలో ఎక్కడో ఒక రేకుల షెడ్డులో నన్ను తయారుచేశారు. ఒకడు బిళ్ల పోత పోశాడు, ఇంకొకడు గొట్టాలు తొడిగాడు, ఒకావిడ చెవి బొడిపెలు బిగించింది. ముగ్గురిలో ఎవరూ నన్ను చెవిలో పెట్టుకుని చూడలేదు. అట్టపెట్టెలో పడుకుని రైలెక్కి కాకినాడ చేరాను. అక్కడ మెయిన్ రోడ్డులో ఒక మందుల సామాన్ల దుకాణంలో గుత్తుల నూకరాజు నన్ను చూశాడు. చెవిలో పెట్టుకుని, షాపతన్ని దగ్గరికి రమ్మని, అతని గుండె మీద బిళ్ల ఆనించి రెండు నిమిషాలు విన్నాడు. "మీకు బానే ఉందండి" అని చెప్పి నన్ను కొనుక్కున్నాడు.

నూకరాజు పన్నెండేళ్లు ఒక డాక్టరు దగ్గర కాంపౌండరుగా చేశాడు. ఆ డాక్టరు పోయాక సొంతూరు ములకలంక వచ్చి, ఇంటి ముందు వరండాలో ఒక బల్ల, రెండు బెంచీలు వేశాడు. జ్వరాలకి మాత్రలిచ్చేవాడు, పుళ్లకి కట్టు కట్టేవాడు. తనకు తెలిసినదానికంటే తెలియనిది ఎంతో ఆయనకి బాగా తెలుసు. అదే ఆయన వైద్యంలో అసలు గొప్ప.

నాలోంచి వినబడే చప్పుడు తేడాగా ఉంటే ఆయన తీరే మారిపోయేది. నన్ను మెల్లిగా చెవుల్లోంచి తీసి బల్ల మీద పెట్టేవాడు. గొంతు తగ్గించి, "ఆలస్యం చెయ్యకండి. కాకినాడ పట్టుకెళ్లిపోండి" అనేవాడు. అంతే. ఎందుకని ఎవరూ అడిగేవారు కాదు. మగవాళ్లు ఆటో కోసం పరిగెత్తేవారు, ఆడవాళ్లు సంచీలో బట్టలు కుక్కేవారు. ఆ మాట పుణ్యాన బతికి, ఇవాళ లంకలో కొబ్బరికాయలు ఒలుచుకుంటున్నవాళ్లు పాతికమందికి తక్కువ లేరు.

నూకరాజు అక్క ఆ పాతికలో ఒకర్తె. ఆమె కొడుకు ధర్మారావు, మేనమామ ఇంట్లోనే పెరిగాడు. ఎవరినైనా అరగంట చూస్తే చాలు, వాళ్ల నడక, దగ్గు, ఆవలింత కూడా దించేసేవాడు. పెద్దయ్యాక హైదరాబాదు వెళ్లి టీవీ కామెడీ షోలో చేరాడు. నాలుగేళ్లు చీర కట్టి, దెబ్బలు తిని, పక్కవాడి జోకుకి కిందపడి బతికాడు. ఒకసారి ఊరొచ్చినప్పుడు బల్ల మీదున్న నన్ను చూసి ఆగిపోయాడు.

"మావయ్యా, ఇది నాకిత్తావా? నీ మీద స్కిట్టు చేత్తాను."

"నా మీదా? నా మీద నవ్వడానికేవుందిరా?"

"ఏం లేదంటావేంటి? నీదంతా నవ్వే!"

నూకరాజు పగలబడి నవ్వాడు. తనకి కొత్తది కొనుక్కుని నన్ను మేనల్లుడి మెడలో వేశాడు.

ఆ స్కిట్టు ఎనిమిది నిమిషాలు. అందులో డాక్టరు నాతో రోగి కడుపు మీద విని, అతను పొద్దున తిన్న కూర పేరు చెబుతాడు. దూడకీ, చెంబుకీ, గోడకీ నన్ను ఆనించి జబ్బులు రాసిస్తాడు. జనం పొట్ట పట్టుకుని నవ్వారు. చివర్లో మాత్రం, అప్పటిదాకా డాక్టర్ని వెక్కిరించిన రోగి గుండె మీద నన్ను పెట్టి, ధర్మారావు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయాడు. మేనమామ లాగే నన్ను తీసి పక్కన పెట్టి, ఆ మాట ఒకే ఒక్కసారి అన్నాడు. హాలులో ఎవరూ కదల్లేదు. తర్వాత చప్పట్లు ఆగలేదు.

నూకరాజు ఫోను చేశాడు. "చివర్లో బాగా చెప్పావురా అబ్బాయ్" అన్నాడు.

ఆ డాక్టరు పాత్ర పదకొండు వారాలు నడిచింది. ఊళ్లల్లో జనం ఫోన్లలో మళ్లీ మళ్లీ చూశారు. అప్పుడు రమాకాంత్ అనే దర్శకుడు ధర్మారావుని పిలిపించి, ఇది సినిమా చేద్దామన్నాడు. డాక్టరు వేషం తనకే వస్తుందని ధర్మారావు వారంపాటు ఆశపడ్డాడు. అది పేరున్న హీరోకి వెళ్లింది. ధర్మారావుకి కాంపౌండరు వేషమూ, మాటలు రాసే పనీ దక్కాయి. దానికే అతను దేవుడికి కొబ్బరికాయ కొట్టాడు.

కథ తయారుచెయ్యడానికి అందరూ కూర్చున్నప్పుడు సీన్లు నటించి చూపించడానికి అతను నన్ను వెంట తీసుకెళ్లేవాడు. ఎనిమిది నిమిషాల నవ్వుని రెండున్నర గంటలకి సాగదియ్యడం ఎంత కష్టమో నాకు అక్కడే తెలిసింది. ప్రేమకథ పెట్టారు, తీసేశారు. విలన్ని పెట్టారు. చెల్లెల్ని పుట్టించి, చంపి, మళ్లీ బతికించారు. నాలుగు నెలలైనా కథ నిలబడలేదు. ఒకరోజు రమాకాంత్ ఉన్నట్టుండి బల్ల మీద చెయ్యి వేసి కొట్టాడు.

"కాకినాడ డైలాగు! మనం వెతుకుతున్నది అదేనయ్యా. నువ్వు చివర్లో ఒక్కసారి చెప్పి పారేశావు. మనం ఇరవైసార్లు చెప్పిద్దాం. జలుబొస్తే కాకినాడ. తామరొస్తే కాకినాడ. పిల్ల ఉత్తరం తీసుకోకపోతే కాకినాడ. గేదె పాలివ్వకపోతే..."

"కాకినాడ!" అన్నారు గదిలో ఉన్న నలుగురూ, పడి పడి నవ్వుతూ.

ధర్మారావు నవ్వలేదు. "అది నవ్వులాటకి కాదు సార్. మా మావయ్య నిజంగా అనే మాటండి. మా అమ్మ ఆ మాటతోనే బతికింది."

"నిజం కాబట్టే పేలుతుంది," అన్నాడు రమాకాంత్, చాలా ప్రేమగా. "నీకు ఇబ్బందిగా ఉంటే చెప్పు ధర్మా. మాటలు ఇంకొకళ్ల చేత రాయిద్దాం. తప్పేం లేదు."

ఆ వేళ నా బిళ్ల ధర్మారావు చొక్కా జేబులో, సరిగ్గా గుండె మీద ఉంది. లోపల ఏం జరిగిందో నేను విన్నాను. చాలాసేపు పోట్లాట జరిగింది. బయటికి మాత్రం "అలాగే సార్" అనే వినబడింది.

రాయడం బాగా రాశాడు. ఇరవైసార్లూ ఇరవై రకాలుగా పేలేట్టు రాశాడు. అడ్డమైన జబ్బుకీ అదే గంభీరమైన మొహం, అదే తగ్గించిన గొంతు, చివర్లో చిన్న సాగదీత. ఎవరూ నమ్మకపోతే డాక్టరు కోపంతో అరుస్తాడు. అప్పుడు ఇంకా పెద్ద నవ్వు. షూటింగు మొదటిరోజున, నేను మురికిగా కనబడుతున్నానని నీలంరంగు గొట్టాలున్న కొత్తదాన్ని తెప్పించారు. నా సినిమా జీవితం అక్కడితో సరి.

వేసవిలో సినిమా విడుదలైంది. ఎవరూ ఊహించనంత ఆడింది. హీరో నోరు తెరవకముందే హాలంతా ఆ మాట అరిచేది. పదోరోజున ధర్మారావు కొత్త కారులో ములకలంక వచ్చి నన్ను మేనమామ మెడలో తిరిగి వేశాడు. ఊరు ఊరంతా ముమ్మిడివరం వెళ్లి సినిమా చూసొచ్చింది. నూకరాజూ చూశాడు. ఎలా ఉందని అడిగితే, "జనం బాగా నవ్వారు" అన్నాడు.

ఆయన్ని ఒక్కణ్నే మంచివాణ్ని చేసి చెబితే అబద్ధమవుతుంది. మొదట్లో ఆయనకీ సరదాగానే ఉండేది. బస్సులో కండక్టరు గుర్తుపట్టి, "ఓసారి అనండి డాక్టరుగారూ" అంటే మొహమాటపడేవాడు గాని లోపల పొంగిపోయేవాడు. ఒక పెళ్లిలో మైకు చేతికిస్తే అననే అన్నాడు. పెళ్లివారు నవ్వలేక చచ్చారు. ఆ పూట ఇంటికి నడుచుకుంటూ వస్తూ తనలో తను నవ్వుకోవడం కూడా నేను విన్నాను.

శ్రావణమాసంలో ఒక పొద్దున మంగాయమ్మ వచ్చింది. కొబ్బరి పీచుతో తాళ్లు పేనే మనిషి, యాభై దాటాయి. కొడుకు సత్తిపండు స్కూటరు మీద దింపాడు.

"ఎడం చెయ్యి లాగేత్తందండి. ఇక్కడ పట్టేసినట్టుంది. గ్యాసేమోనండి."

నూకరాజు ఆమె గుండె మీద నన్ను ఆనించాడు. ఆయన విన్నదే నేనూ విన్నాను. గుమ్మంలో తడబడి, ఆగి, మళ్లీ తొందరగా నడిచే మనిషి అడుగుల్లాంటి చప్పుడు. ఆయన నన్ను తీసి బల్ల మీద పెట్టాడు. గొంతు తగ్గించాడు.

"ఆలస్యం చెయ్యకండి. కాకినాడ పట్టుకెళ్లిపోండి."

వరండా గొల్లుమంది. బెంచీల మీదున్న ఐదారుగురూ తొడలు కొట్టుకుని నవ్వారు. మంగాయమ్మ కూడా పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "అచ్చం సినిమాలో లాగే అన్నారండి బాబూ!"

"నేను నవ్వులాటకి అనట్లేదమ్మా. సత్తిపండూ, ఒరే, ఆటో పిలువు."

"ఇంకోపాలి అనండి మావా, వీడియో తీత్తాను," అని సత్తిపండు ఫోను ఎత్తాడు.

నూకరాజు మళ్లీ నన్ను ఆమె గుండె మీద పెట్టి, తన చెవుల్లోవి తీసి కొడుక్కి ఇవ్వబోయాడు. వినరా, నువ్వే వినరా, అన్నాడు. ఆమె ఇంకా నవ్వుతూనే ఉంది. మనిషి నవ్వుని లోపలివైపు నుంచి వినడం నాకు అదే మొదలు. పైన నవ్వు గలగలలాడుతోంది, కింద అడుగులు తప్పిపోతున్నాయి. కొడుకు ఫోను దించలేదు. నూకరాజు ఓర్చుకోలేక అరిచాడు. "కాకినాడ పట్టుకెళ్లమంటే నవ్వుతారేంట్రా!"

సినిమాలో డాక్టరు కూడా సరిగ్గా అలాగే అరుస్తాడు. వరండా ఇంకా పెద్దగా నవ్వింది.

ఆయన లేచి, నన్ను మెడలో వేసుకుని, చెప్పుల్లేకుండా రోడ్డు మీదకి ఆటో కోసం పరిగెత్తాడు. ఆటో తెచ్చేసరికి బెంచీ ఖాళీగా ఉంది. నవ్వేసరికి తేలికైందని చెప్పి, కొట్లో గ్యాసు మాత్ర కొనుక్కుని తల్లీ కొడుకూ వెళ్లిపోయారు. ఆయన ఆటోలో వాళ్లింటికి వెళ్లాడు. మంగాయమ్మ పీచు తడుపుతూ, "బానే ఉందండి డాక్టరుగారూ, ఎందుకండి అంత కంగారు?" అంది. ఆయన బతిమాలాడు. పక్కింటివాళ్లు వచ్చి చూసి నవ్వారు. అంతమంది నవ్వుల మధ్య, నిజంగానే తనకి పొరపాటు వినబడిందేమోనని ఆయనకే అనుమానం వేసింది. వెనక్కి వచ్చేశాడు.

మధ్యాహ్నం మూడు గంటలకి ఆమె తాడు పేనుతూ పక్కకి ఒరిగిపోయింది. అప్పుడు అందరూ పరిగెత్తారు. గోదావరి వంతెన దాటకముందే ప్రాణం పోయింది.

పదోరోజు అయ్యాక సత్తిపండు గుండుతో వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. "మీరు నిజంగా అంటున్నారని నాకు తెలీలేదు మావా," అన్నాడు. మూడుసార్లు అదే మాట అన్నాడు. నూకరాజు వాడి పక్కనే మెట్టు మీద కూర్చున్నాడు. మర్నాడు బెంచీలు లోపల పెట్టించేశాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకి ధర్మారావు వచ్చాడు. వందరోజుల పండగ చేస్తున్నారట, మేనమామని వేదిక ఎక్కించి శాలువా కప్పుతారట. మంగాయమ్మ సంగతి అతనికి అప్పటికే ఫోనులో తెలిసింది. దాని గురించి ఏమనాలో తెలియక, శాలువా గురించే మాట్లాడాడు.

నూకరాజు అంతా విన్నాడు. "ఒరే, నువ్వు ఎవర్నయినా దించేత్తావు కదా," అన్నాడు. "ఆ మాట ఓసారి అను. నేను ఇదివరకు అన్నట్టు అను."

ధర్మారావు గొంతు సవరించుకున్నాడు. "ఆలస్యం చెయ్యకండి..." చివర సాగింది. హీరో సాగదీసినట్టే సాగింది. తల విదిల్చుకుని మళ్లీ అన్నాడు. మళ్లీ అదే వచ్చింది. కళ్లు మూసుకుని, మెల్లిగా, గట్టిగా, నాలుగు రకాలుగా అన్నాడు. నాలుగోసారికి వంటింట్లోంచి ఎవరో ఆపుకోలేక కిసుక్కుమన్నారు.

"రావట్లేదు మావయ్యా," అన్నాడు ధర్మారావు. అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"నాకూ రావట్లేదురా," అన్నాడు నూకరాజు.

పండక్కి ఆయన వెళ్లలేదు. నన్ను మాత్రం ఇచ్చి పంపేశాడు. అసలైన స్టెతస్కోపు అంటే రమాకాంత్ ఎంతో సంబరపడి, తన ఆఫీసు గోడకి అద్దాల పెట్టె చేయించి అందులో పెట్టాడు. వచ్చినవాళ్లు నా పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. అద్దం వెనకాల నాకు గుండెలు వినబడవు. మాటలు వినబడతాయి.

మొన్న ఆ గదిలో సినిమా రెండో భాగం కథకి కూర్చున్నారు. మూడు వారాలైనా ఏమీ తెగలేదు. కాఫీలు తాగుతూ ఏవో మాటల్లో ఉండగా, ధర్మారావు మంగాయమ్మ సంగతి చెప్పడం మొదలెట్టాడు. కథగా కాదు, గుండెలో పెట్టుకోలేక చెప్పాడు. ఫోను సంగతి, పీచు సంగతి, వంతెన సంగతి, అన్నీ చెప్పాడు. రమాకాంత్ కళ్లజోడు తీసి తుడుచుకుని, కిటికీలోంచి బయటికి చూశాడు.

"ఇంటర్వెల్‌కి పెడదామా?" అన్నాడు చివరికి, నెమ్మదిగా. "హాలంతా నవ్వుతూ ఉంటుంది. ఆవిడా నవ్వుతూ ఉంటుంది. అక్కడ కట్ చేస్తాం."

ధర్మారావు తల వంచుకుని కూర్చున్నాడు. ఎంతసేపు కూర్చున్నాడో నేను చెప్పలేను, గోడ గడియారం నా పైన, నాకు కనబడని చోట ఉంది. తర్వాత కాగితాలు ముందుకు లాక్కున్నాడు.

"కొడుకు పాత్ర కొంచెం పెంచాలి సార్," అన్నాడు.