మా ఇంటి ఫారం

"ఇంతకీ నువ్వు చేసేదేమిటి, పిల్లలతో ఆడుకోవడమేగా!" అన్నారు మా ఆయన.

అప్పుడు నేను ఆయన చొక్కానే మడతపెడుతున్నాను. కోపం రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. కానీ తొమ్మిదేళ్ళుగా వింటున్న మాట కదా, ఆ కోపం కూడా ఇంటికి అలవాటైన చుట్టంలా వచ్చి ఓ మూల కూర్చుంది. చొక్కా మడతపెట్టేసి తువ్వాలు అందుకున్నాను.

నేను చేసేదేమిటో చెప్తాను. మాది పేద కుటుంబాల్లో ఐదేళ్ళలోపు పిల్లల కోసం పనిచేసే సంస్థ. దేశమంతటా ఆఫీసులున్నాయి. రోజుకి నాలుగిళ్ళకి వెళ్తాను. ఒక్క గదిలో ఆరుగురు సర్దుకునే ఇళ్ళు, నీళ్ళ బిందెలు దాటుకుంటూ లోపలికి అడుగుపెట్టాల్సిన ఇళ్ళు. నేల మీద కూర్చుని, సంచిలోంచి గుడ్డ బంతి, ఖాళీ డబ్బాలు తీసి, పనికి వెళ్ళొచ్చి అలసిపోయిన తల్లిదండ్రులకి బిడ్డతో ఎలా మాట్లాడాలో, ఎలా ఆడాలో చూపిస్తాను. మూడేళ్ళు వస్తున్నా నోరు విప్పని పిల్ల ఒకరోజు వేలు చూపించి "డబ్బా" అంటే, వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుని ఏడ్చేస్తుంది. దాన్నే మా ఇంట్లో ఆడుకోవడం అంటారు. మా అత్తగారు ఇంకో అడుగు ముందుకేసి, ఇంటికొచ్చిన వాళ్ళకి "మా కోడలు ఊళ్ళో పిల్లలందరికీ ఆయా" అని పరిచయం చేస్తారు. వాళ్ళు నవ్వుతారు, నేనూ నవ్వి టీ పెట్టడానికి వెళ్తాను.

ఆ గురువారం మా పెద్ద మేడమ్ నన్ను పిలిచి కూర్చోబెట్టారు. కేంద్ర కార్యాలయంలో శిక్షకురాలి పోస్టు నాకిస్తున్నారట. కొత్తగా చేరేవాళ్ళకి ఈ పని నేర్పాలి. నెలకి పది రోజులు ఊళ్ళు తిరగాలి. సోమవారంలోగా సరే అనో కాదు అనో చెప్పాలి. ఆ సాయంత్రం బస్సులో నాకు సీటు దొరకలేదు, దొరకలేదని కూడా తెలియలేదు. ఇంటికొచ్చి చెప్పాను. "పది రోజులా? మరి ఇల్లు?" అన్నారు ఆయన. "పాప గతేం కాను?" అన్నారు అత్తగారు. మా పాపకి నాలుగేళ్ళు. ఆ తర్వాతే వచ్చింది ఆడుకోవడం మాట. వాళ్ళని అని ఏం లాభం, నాకూ భయంగానే ఉంది. నేను లేకపోతే ఇల్లు ఏమైపోతుందో అని భయం. అంతకన్నా సిగ్గుపడాల్సిన భయం ఇంకొకటుంది. నేను లేకపోయినా ఇల్లు చక్కగా నడిచిపోతే, ఇన్నాళ్ళూ నేను పడ్డ చాకిరీ ఎందుకు పడ్డట్టు?

ఇక్కడ ఒక ఫారం సంగతి చెప్పాలి. అంతకు ముందు వారం కేంద్ర కార్యాలయం నుంచి, ఇళ్ళ పరిస్థితి రాసుకునే కొత్త ఫారం వచ్చింది, నలభై ప్రశ్నలు. ప్రశ్నలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడటానికి పాతవాళ్ళందరం తలా ఒక ఇంటి గురించి నింపి ఇవ్వాలి. "తెలిసిన ఇల్లు ఏదైనా సరే, నిజం మాత్రం రాయండి" అన్నారు. పేర్లు అక్కర్లేదు, అడ్రసు చాలు. ఇంకో ఇంటికి వెళ్ళే తీరిక ఎక్కడిది? మా ఇంటి గురించే నింపేశాను. ఇంట్లో అందరికన్నా ముందు లేచేదెవరు? తల్లి. బిడ్డకి జ్వరమొస్తే పని మానేదెవరు? తల్లి. తండ్రి బిడ్డతో గడిపే సమయం? టీవీ చూస్తూ ఒళ్ళో కూర్చోబెట్టుకునే ఇరవై నిమిషాలు. తల్లి కేవలం తన కోసం ఏదైనా చేసుకుని ఎన్నాళ్ళయింది? ఖాళీ వదలకూడదన్నది మా రూలు. "గుర్తులేదని చెప్పింది" అని రాశాను. ఎవరో పరాయి ఇల్లాలి గురించి రాసినట్టే రాశాను, ఆవిడ మీద జాలి కూడా వేసింది. ఇలా పరీక్ష కోసం నింపినవి విడిగా ఒక కవరులో వెయ్యాలి. హడావిడిలో నేను, ఏ ఇంటికి మనిషిని పంపాలో చూసే మామూలు ఫారాల ట్రేలో పడేసి వచ్చేశాను.

శనివారం పొద్దున బెల్లు మోగింది. మా ఆయన తలుపు తీశారు. నేను వంటింట్లో ఉన్నాను, ఎవరిదో ఆడపిల్ల గొంతు వినిపించింది. "నమస్తే సార్, పిల్లల సంస్థ నుంచి వచ్చాను. తల్లి మీద భారం మరీ ఎక్కువగా ఉన్న ఇల్లు, వెంటనే వెళ్ళమని రాసుంది సార్."

"మాది అలాంటి ఇల్లు కాదమ్మా. ఇది సొంతిల్లు," అన్నారు మా ఆయన.

చేతులు తుడుచుకుంటూ వచ్చాను. మా ఆఫీసులో చేరి మూడు వారాలైన కొత్తమ్మాయి. నన్ను చూడగానే ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. "మేడమ్! మీ ఇల్లా? సారీ మేడమ్, అడ్రసు తప్పు పడినట్టుంది."

అవునమ్మా, తప్పు పడింది, వెళ్ళిరా అనడం ఎంతసేపు? మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆ ఫారంలో అబద్ధం ఒక్కటీ లేదు. పైగా తెలిసినవాళ్ళ ఇల్లని మొహమాటపడి గుమ్మంలోంచి వెనక్కి రావద్దని ఆ పిల్లకి నేర్పిందే నేను.

"అడ్రసు కరెక్టే. లోపలికి రా," అన్నాను.

మా ఆయన నా వైపు చూసిన చూపుకి మామూలుగా అయితే నేను వంటింట్లోకి వెళ్ళిపోవాలి. అక్కడే నిలబడ్డాను. కొత్తమ్మాయి నేల మీద కూర్చుంది. పాప వచ్చి సంచిలో చెయ్యి పెట్టేసింది. ముందు ఒక మంచి మాట చెప్పాలన్నది మా పద్ధతి. "పాప మీ ఒళ్ళో ఇష్టంగా కూర్చుంటుందట సార్, చాలా మంచి విషయం," అంది. మా ఆయన మెత్తబడి కుర్చీలోంచి దిగి నేల మీద కూర్చున్నారు. "పాపకి ఇష్టమైన ఆట ఏంటి సార్?" ఆయన నా వైపు చూశారు. తండ్రిని అడిగినప్పుడు తల్లి జవాబు చెప్పకూడదు. నోరు మూసుకోవడం అంత కష్టమని నాకు ఇన్నేళ్ళలో తెలియలేదు. "పాపకి దేనికి భయం సార్?" "దీనికా? ఇది దేనికీ భయపడదు," అన్నారు ధీమాగా. పాప ఆయన్ని వింతగా చూసింది.

"ఇప్పుడు అరగంట మీరూ పాపా ఆడుకోండి సార్. నేను చూస్తుంటాను. మేడమ్, మీరు..." ఆ పిల్ల చేతిలో కాగితాల వైపు చూసింది. "మీరు కాసేపు బయటికి వెళ్ళాలి మేడమ్."

వందల మంది తల్లుల్ని అలా బయటికి పంపినదాన్ని. వాళ్ళు వాకిట్లో దిక్కులు చూస్తూ నిలబడితే, హాయిగా కూర్చోవచ్చు కదా అనుకునేదాన్ని. ఇప్పుడు మా మేడ మెట్ల మీద కూర్చుంటే నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. ఆరేసిన బట్టలు కనిపించాయి, తీద్దామని లేచి మళ్ళీ కూర్చున్నాను. ఏడుపొచ్చింది.

మెల్లగా మెట్లెక్కి వచ్చి అత్తగారు పక్కన కూర్చున్నారు.

"ఆ కాయితంలో అత్తగారికి ప్రశ్నల్లేవా?" అన్నారు.

"లేవత్తయ్యా. నలభై ప్రశ్నలూ తల్లీ తండ్రీ గురించే."

"నా పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ఎవరైనా వచ్చి అడిగుంటే నలభై కాదు, నాలుగొందలు చెప్పేదాన్ని." చీర కుచ్చిళ్ళు సర్దుకున్నారు. "ఇంతకీ ఆ ఉద్యోగం సంగతి చెప్పావా?"

"ఇంకా లేదు. పాప గతేంటన్నారుగా మీరే."

"అన్నాను. నువ్వొచ్చి మా వాణ్ణి కన్నావా, నేను కన్నాను. వాడికి ఏదీ నేర్పకుండా పెంచింది నేను. ఆ మాట ఒప్పుకోలేక నీ మీద పడ్డాను, సరేనా?" కసురుకున్నట్టే అన్నారు. ఆవిడకి ప్రేమగా మాట్లాడటం రాదు. నా మోకాలి మీద ఒక్కటి చరిచి లేచారు.

అరగంటయ్యాక లోపలికి వెళ్తే డబ్బాలన్నీ చెల్లాచెదురుగా ఉన్నాయి. మా ఆయన చొక్కా నలిగిపోయి ఉంది, జుట్టు రేగిపోయి ఉంది. "దీనికి మిక్సీ చప్పుడంటే భయమట! నాకెప్పుడూ చెప్పలేదేం?" అన్నారు, నేనేదో దాచిపెట్టినట్టు. చెప్పాలనుకుంటే చాలానే ఉంది. కానీ ఆయన మొహంలో నిజంగానే ఆశ్చర్యం ఉంది, పాప ఆయన మెడ పట్టుకుని వేలాడుతోంది.

కొత్తమ్మాయి కాగితాలు సర్దుకుంది. ఆఖరి ప్రశ్న మిగిలింది. అలవాటు కొద్దీ దాన్ని తల్లినే అడుగుతాం. "మళ్ళీ ఎప్పుడు రమ్మంటారు మేడమ్?"

అందరూ నా వైపే చూశారు.

"వచ్చే నెల రెండో వారంలో రా. నేను ఊళ్ళో ఉండను, ట్రైనింగ్ ఇవ్వడానికి వెళ్తాను. వాళ్ళ నాన్న ఉంటారు. పాప గురించి ఏం కావాలన్నా ఆయన్నే అడుగు."